పదహారు బార్ల సాక్ష్యం



మీ ముందు బల్ల ఉంటే బల్ల మీద, లేకపోతే తొడ మీద, అరచేత్తో ఒకసారి తట్టండి. నెమ్మదిగా. ఒకటి. రెండు. మూడు. నాలుగు. మళ్ళీ ఇంకోసారి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వంట చేస్తూ వింటున్న అమ్మలు గరిటెతో గిన్నె అంచు మీద తట్టినా చాలు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ నాలుగు దెబ్బల మధ్యే ఉంటుంది.

ముందు మా అమ్మ సంగతి చెప్తాను.

మాది గుంటూరు జిల్లాలో చిన్న పల్లె. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాలకు కాస్త సమయం ఇచ్చేవారు. చర్చికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళ కోసం చెప్తున్నాను. సాక్ష్యం అంటే తన బతుకులో దేవుడు చేసిన మేలుని పదిమంది ముందు నిలబడి చెప్పడం. ప్రసంగం చెయ్యడం పాస్టరుగారి పని. మా సంఘంలో ఆడవాళ్ళు ప్రసంగపీఠం ఎక్కేవారు కాదు. కానీ సాక్ష్యం ఎవరైనా చెప్పొచ్చు. మా అమ్మ లేచేది. కొంగు సర్దుకునేది. వారమంతా మనసులో పెట్టుకున్న మాట చెప్పబోయేది. తాతగారి జబ్బు దగ్గర మొదలుపెట్టేది. అక్కణ్ణించి మిరపచేలోకి వెళ్ళేది. మిరపచేలోంచి ఆస్పత్రి మెట్ల దాకా వచ్చేసరికి సంఘపెద్ద గొంతు సవరించేవాడు. "అమ్మా, సమయం." అంతే. అమ్మ "వందనాలు" అని కూర్చునేది. చెప్పాలని లేచిన మాట నోట్లోనే ఉండిపోయేది. ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చుని ఆ మిగిలిన మాట నాతో చెప్పేది. అది ఎంత మంచి మాటో నాకొక్కదానికే తెలిసేది.

చాలా ఏళ్ళ తర్వాత మా మేనకోడలు తన ఫోనులో ఒకటి వినిపించింది. "అత్తా, ఇది కూడా క్రైస్తవ పాటే, విను" అంది. అమెరికాలో ఒక ఆఫ్రికన్ అమెరికన్ అమ్మాయి. పెద్దగా రాగం లేదు. గబగబా మాటలు. వెనకాల డోలు దెబ్బ లాంటిది. భాష సగమే అర్థమైంది. కానీ ఒకటి గమనించాను. ఆ అమ్మాయి లేచింది, చెప్పాల్సింది చెప్పింది, కూర్చుంది. మాట నోట్లో మిగల్లేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

ఆ అమ్మాయి పేరు జాకీ హిల్ పెర్రీ. ఆమె చేసే పనిని క్రైస్తవ హిప్ హాప్ అంటారు. అందులోనూ అండర్‌గ్రౌండ్. అండర్‌గ్రౌండ్ అనగానే దొంగచాటు వ్యవహారం అనుకోకండి. పెద్ద కంపెనీల చేతిలో లేనిది అని అర్థం. పెద్ద రేడియోల్లో వినపడదు. చర్చి బేస్‌మెంట్లో, యువజన కూటాల్లో, కాలేజీ హాళ్ళలో వినపడుతుంది. పాడినవాళ్ళే క్యాసెట్లు మోసుకెళ్ళి, హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని అమ్ముకున్న రోజులున్నాయి. మన ఊళ్ళల్లో సువార్త పాటల క్యాసెట్లు కన్వెన్షన్ పందిళ్ళ బయట ఎలా అమ్మేవారో, కాస్త అలాంటిదే.

ఇప్పుడు మళ్ళీ బల్ల మీద తట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈ నాలుగు దెబ్బల్నీ కలిపి ర్యాపర్లు ఒక బారు అంటారు. మన భాషలో చెప్పాలంటే, నాలుగు గిన్నెల క్యారేజీ అనుకోండి. పొలానికి అన్నం తీసుకెళ్ళే క్యారేజీ. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో పప్పు, ఒక గిన్నెలో కూర, పై గిన్నెలో పెరుగు. ఒక్కో దెబ్బ ఒక్కో గిన్నె. ఆ గిన్నెల్లో మాటలు సర్దాలి. మరీ అంచు దాకా నింపితే మూత పడదు, పులుసు కారుతుంది. మరీ వెలితిగా పెడితే తినేవాడికి ఆకలి తీరదు.

అలాంటి క్యారేజీలు పదహారు పెడితే ఒక చరణం. ర్యాప్‌లో చరణానికి మామూలుగా ఉండే కొలత అదే, పదహారు బార్లు. నిమిషానికి తొంభై దెబ్బలు పడే పాట అనుకుందాం. తీరిగ్గా నడిచేటప్పుడు మన గుండె కొట్టుకునేపాటి వేగం. పదహారు బార్లంటే అరవై నాలుగు దెబ్బలు. లెక్కేసి చూడండి, దాదాపు 43 సెకన్లు. అంతే. ఆ 43 సెకన్లలో నువ్వెవరో, ఎక్కణ్ణించి వచ్చావో, ఏం జరిగిందో, ఏం కావాలో చెప్పెయ్యాలి. మా అమ్మకు ఇచ్చిన సమయం అంతకంటే ఎక్కువే. కానీ అమ్మ చేతిలో కొలత లేదు.

ఈ కొలత మనకు కొత్తదేమీ కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చాలా వాటికి ఆదితాళం. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఈ నాలుగు దెబ్బలు రెండుసార్లు. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు రాసిన కీర్తనలు ఈ రోజుకీ మనం చప్పట్లతో పాడుకుంటున్నాం. ప్రాస కూడా మనకు తెలిసిందే. చాలా రకాల తెలుగు పద్యాల్లో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలుస్తుంది. ర్యాప్‌లో ఎక్కువగా పాదం చివర కలుస్తుంది, మన అంత్యప్రాసలాగా. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఎల్లాప్రగడ శ్వేత, రాజకుమారి అన్న పేరుతో ర్యాప్ చేస్తోంది. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్న అమ్మాయి. ఆవిడది క్రైస్తవ ర్యాప్ కాదు. కానీ జతులు పలికిన నోటికి ఈ నాలుగు దెబ్బల లెక్క పరాయిది కాదని ఆవిణ్ణి వింటే తెలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. హిప్ హాప్ అంటే మగపిల్లల గొడవ అని చాలామంది అనుకుంటారు. దాని పుట్టుక దగ్గరే ఒక ఆడపిల్ల ఉంది. 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు భవనం. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కావాలి. డబ్బు చాలదు. ఆ భవనంలోనే ఉన్న ఉమ్మడి గదిలో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు యాభై సెంట్లు టిక్కెట్టు. అన్నతో రికార్డులు వేయించింది. ఆ అన్నే తర్వాత డీజే కూల్ హెర్క్‌గా పేరు పొందాడు. హిప్ హాప్ పుట్టినరోజుగా లోకం ఆ రాత్రినే చెప్పుకుంటుంది. అన్న పేరు అందరికీ తెలుసు. పార్టీ పెట్టిన చెల్లెలి పేరు కూడా మనం గుర్తుపెట్టుకుందాం.

ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1985లో, ఓక్లహోమాకు చెందిన స్టీఫెన్ వైలీ 'బైబిల్ బ్రేక్' అని ఒక క్యాసెట్ తెచ్చాడు. క్రైస్తవ ర్యాప్ చరిత్రను చాలామంది అక్కడ మొదలుపెడతారు. అప్పట్లో చాలా చర్చిల్లో పెద్దలకు ఇది నచ్చలేదు. ఇది లోకపు సంగీతం, దేవుని ఇంట్లో దీనికేం పని అన్నారు. మరోపక్క వీధిలో ర్యాప్ వినే కుర్రాళ్ళు, చర్చి పిల్లలకు ర్యాప్ ఏం తెలుసులే అన్నారు. ఇంటి గుమ్మమూ మూసేశారు, వీధి గుమ్మమూ మూసేశారు. మగపిల్లలకే ఇలా ఉంటే ఆడపిల్ల పరిస్థితి చూడండి.

అయినా వచ్చారు. 1990 ప్రాంతంలో ఎమ్‌సీ జీ జీ అనే ఆవిడ ఒంటరిగా తన పేరు మీద క్రైస్తవ ర్యాప్ క్యాసెట్లు తెచ్చింది. కాలిఫోర్నియాలో టనల్ ర్యాట్స్ అని ఒక బృందం ఉండేది. ఈ అండర్‌గ్రౌండ్ వాళ్ళు ఇప్పటికీ గౌరవంగా తలుచుకునే బృందం అది. అందులో జేన్ అనే అమ్మాయి ఉండేది. ఎల్సీ అనే అమ్మాయి కూడా ఉండేది. ఎల్సీ తన సోదరుడు మాచోతో కలిసి న్యూ బ్రీడ్ అన్న పేరుతో పాడేది. తోబుట్టువులిద్దరూ చెరో చరణం. ఇద్దరికీ సమానంగా చోటు.

సమానంగా అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, పాటలో ఆడగొంతుకు మామూలుగా ఇచ్చే చోటు వేరు. ర్యాప్ పాటలో చరణాలు చెప్పేది మగవాడు. మధ్యలో వచ్చే పల్లవిని అమ్మాయి చేత పాడిస్తారు. వాళ్ళ భాషలో దాన్ని హుక్ అంటారు. తియ్యగా ఉంటుంది, మళ్ళీ మళ్ళీ వస్తుంది, చెవిలో ఉండిపోతుంది. కానీ కథ చరణంలో ఉంటుంది. పల్లవి ఇచ్చారంటే వంటింట్లో స్టూలు వేసినట్టు. చరణం ఇచ్చారంటే పంక్తిలో విస్తరేసినట్టు.

క్రైస్తవ ర్యాప్‌లో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఇది నాకు చాలా లోతైన సంగతి అనిపిస్తుంది, అందుకే కాస్త ఆగుతాను. ఈ అండర్‌గ్రౌండ్‌లో ఒక పెద్ద పాయ ఉంది. వాళ్ళ చరణాలు వింటే ప్రసంగం విన్నట్టే ఉంటుంది. బైబిలు వాక్యాలు, సిద్ధాంతాలు, కృప అంటే ఏమిటి, పాపం అంటే ఏమిటి. మైకు పట్టుకున్న బోధకుడే ఆ ర్యాపర్. వాళ్ళు వెళ్ళే సంఘాల్లో చాలావాటిలో బోధకుడి పదవి మగవాళ్ళదే. మరి ఆడపిల్ల మైకు పట్టుకుని అలాంటి చరణమే చెప్తే, అది పాటా, ప్రసంగమా? పాట అయితే ఫరవాలేదు. ప్రసంగం అయితే కూడదు. ఎవరు తేలుస్తారు?

మా అమ్మకు దొరికిన దారే వాళ్ళకూ దొరికింది. సాక్ష్యం. ఎవరూ కాదనలేని చోటు అది. నా బతుకు నేను చెప్పుకుంటున్నాను అంటే, నువ్వు చెప్పకూడదు అనే హక్కు ఎవరికుంది? జాకీ హిల్ పెర్రీ ఆ చోట్లోనే నిలబడింది.

ఆమె 1989లో మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ నగరంలో పుట్టింది. పంతొమ్మిదేళ్ళప్పుడు క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చింది. లాస్ ఏంజెలెస్ వెళ్ళింది. అక్కడ ఆమె మొదట ర్యాపర్‌గా ఎవరికీ తెలియదు. స్పోకెన్ వర్డ్ చెప్పేది. అంటే వేదిక మీద నిలబడి లయతో చెప్పే కవిత. చాలాసార్లు వెనక వాయిద్యం ఉండదు. తాళం మనిషి ఒంట్లోనే ఉండాలి. 2010లో ఆమె చెప్పిన ఒక కవిత వీడియోగా చాలా దూరం పాకింది. తాను అంతకుముందు స్త్రీలను ప్రేమించానని, విశ్వాసం తన బతుకుని మార్చిందని అందులో చెప్పింది.

ఈ విషయంలో ఆమెతో విభేదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె మాటలు తమను బాధపెట్టాయని చెప్పినవాళ్ళూ ఉన్నారు. నా మనసులో మాట చెప్తాను. ఆమె చెప్పింది ఆమె సాక్ష్యం. ఒకరి సాక్ష్యాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి బిడ్డ మీద కర్రలాగా ఎత్తకూడదు. అది నా నమ్మకం. నేను ఈ పూట ఆమె దగ్గర నేర్చుకుంటున్నది మాటను కొలిచే విద్య.

2014లో ఆమెకు రెండు పెద్ద సంగతులు జరిగాయి. ప్రెస్టన్ పెర్రీని పెళ్ళి చేసుకుంది. ఆయనా అలాంటి కవే. నవంబరులో 'ది ఆర్ట్ ఆఫ్ జాయ్' అనే మొదటి ఆల్బమ్ వచ్చింది. హంబుల్ బీస్ట్ అని, ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌ల్యాండ్‌లో ఒక చిన్న సంస్థ ఉండేది. ఆ ఆల్బమ్ తెచ్చింది వాళ్ళే. వాళ్ళ పద్ధతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆల్బమ్‌ను ఎవరినైనా డబ్బు కట్టకుండా దింపుకోనిచ్చేవారు. ఉచితం.

ఉచితంగా ఇస్తే ఎలా బతుకుతారు అని మీకు అనుమానం రావచ్చు. మన ఊళ్ళో కొత్తగా మిఠాయి కొట్టు పెట్టినవాడు చేతిలో ఒక ముక్క పెట్టి, తిని చూడండమ్మా అంటాడు చూశారా. పాట చేతికొస్తుంది. విన్నవాడు తన చర్చికి, తన కాలేజీకి పిలుస్తాడు. అక్కడ బల్ల మీద చొక్కాలు, పుస్తకాలు ఉంటాయి. ఆ పిలుపుల మీద ఇల్లు నడవాలి. నడుస్తుందా అంటే, నెలనెలా జీతంలాగా నడవదు. పిల్లల్ని పెట్టుకుని ఊళ్ళు తిరగడం ఆడమనిషికి ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ రంగంలో చాలామంది ఆడవాళ్ళకు ఒక్కొక్కరికి ఒకటో రెండో ఆల్బమ్‌లే ఉంటాయి. జాకీకీ అంతే. 2018లో 'క్రెసెండో' అనే రెండో ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది తన బతుకు కథ పుస్తకంగా వచ్చింది. 2021లో దేవుని పరిశుద్ధత మీద మరో పుస్తకం. ఇప్పుడు ఆమెను ఎక్కువమంది బైబిలు బోధకురాలిగా, రచయిత్రిగా ఎరుగుదురు. భర్తతో కలిసి పాడ్‌కాస్ట్ నడుపుతుంది. నలుగురు పిల్లల తల్లి.

ర్యాప్ వదిలేసిందా అని కొందరు దిగులుపడతారు. నాకైతే వదిలినట్టు అనిపించదు. ఆమె మాట్లాడే తీరు వినండి. చిన్న వాక్యం. ఆగుతుంది. మళ్ళీ చిన్న వాక్యం. ముఖ్యమైన మాట వాక్యం చివర పెడుతుంది, దెబ్బ పడే చోట. పదహారు బార్లలో సర్దడం నేర్చిన నోరు అది.

మరో అమ్మాయి సంగతి క్లుప్తంగా చెప్తాను. పేరు వాండే. నైజీరియాలో పుట్టి, టెక్సాస్‌లో ఆస్టిన్‌లో పెరిగింది. అక్కడి విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివింది. క్రైస్తవ హిప్ హాప్‌లో పెద్ద సంస్థ రీచ్ రికార్డ్స్. 2004లో లెక్రే, బెన్ వాషర్ కలిసి పెట్టింది. లెక్రే చిన్నవాడేమీ కాదు. ఆయన 'గ్రావిటీ' ఆల్బమ్‌కు 2013లో గ్రామీ వచ్చింది. 2014లో 'అనామలీ' అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానంలోకి ఎక్కింది. అంత ఎదిగిన సంస్థ, తన పట్టికలో మొదటి ఆడమనిషిని ఎప్పుడు చేర్చుకుందో తెలుసా? 2019లో. పదిహేనేళ్ళు పట్టింది. ఆ మొదటి అమ్మాయి వాండే. అంతకుముందు ఆమె అదే సంస్థ ఆఫీసులో పనిచేసింది. ఇతరుల పాటల పనులు చూస్తూ, తన చరణాలు తాను రాసుకుంటూ ఉంది. 2020లో ఆమె ఆల్బమ్ 'ఎగ్జిట్' వచ్చింది. పదిహేనేళ్ళు! ఆ లెక్క తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ మధ్యలో ఎంతమంది అమ్మాయిలు డైరీల్లో చరణాలు రాసి బీరువాలో పెట్టేసుకున్నారో.

సరే, ఇప్పుడు మన పనికి వద్దాం. మీరెవరూ ర్యాపర్లు కానక్కర్లేదు. కానీ మీకూ 43 సెకన్లు ఇచ్చే రోజు వస్తుంది. గ్రామసభలో వస్తుంది. పొదుపు సంఘం మీటింగులో వస్తుంది. డాక్టరుగారి గదిలో వస్తుంది. చర్చిలో సాక్ష్యానికి వస్తుంది. బ్యాంకు కౌంటరు దగ్గర, వెనక పదిమంది నిలబడి ఉండగా వస్తుంది. అప్పుడు ఏం చేస్తారు?

ముందు కొలత తెలుసుకోండి. బల్ల మీద తట్టండి. పదహారు క్యారేజీలు, అంతకంటే లేవు. ఇప్పుడు చెప్పాల్సిన మాట ఏదో ఒక్కటి తేల్చుకోండి. మా అమ్మ అసలు మాట చివరికి దాచుకునేది. ర్యాపర్ అలా చెయ్యదు. మొదటి నాలుగు బార్లలోనే విషయం ముందు పెట్టేస్తుంది. బస్సులో కిటికీలోంచి రుమాలు వేస్తాం చూడండి, సీటు మనదని. అలా ముందు మాటతో చోటు పట్టుకుంటుంది. తర్వాత తీరిగ్గా ఎక్కుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒక ఊళ్ళో కుళాయి సమస్య. ఒకావిడ సభలో లేచింది అనుకుందాం. మామూలుగా అయితే "అయ్యా, మేం చాలా ఇబ్బంది పడుతున్నామండి, ఎప్పణ్ణించో చెప్తున్నామండి" అని మొదలుపెడతాం. ఇబ్బంది అన్న మాటకి రూపం లేదు. వినేవాళ్ళ కంటికి ఏమీ కనపడదు. అదే విషయం నాలుగు దెబ్బల్లో పెట్టి చూద్దాం. మీరు తట్టండి, నేను చెప్తాను.

తెల్లారకుండా లేచి, బిందె చంకనెత్తి.
కుళాయి కాడ నిలబడితే, పొద్దు నడినెత్తి.
మూడు బిందెల నీళ్ళకు మూడు గంటల పాటు.
పోయిన నా కూలికి ఎవరు తీర్చాలి లోటు?

నాలుగు బార్లు. పదకొండు సెకన్లు. బిందె కనపడింది. కుళాయి కనపడింది. ఎండ కనపడింది. ఎంత సమయం పోతోందో లెక్క తెలిసింది. చివర్న ప్రశ్న మిగిలింది. సభలో ప్రాస కలిపి చెప్పక్కర్లేదు. ప్రాస తీసేసి మామూలుగా చెప్పినా విషయం నిలబడుతుంది. కొలతలో పెట్టినప్పుడు పనికిరాని మాటలు వాటంతట అవే రాలిపోయాయి. నాక్కావలసింది అదే.

ఇంకొక్కటి ఉంది. ఊపిరి. గబగబా చెప్తే ఎక్కువ చెప్పొచ్చు అని మనం అనుకుంటాం. ర్యాపర్ల వేగం చూసి అలా అనిపిస్తుంది కూడా. కానీ వాళ్ళు ఊపిరి తీసుకునే చోటు ముందే రాసుకుంటారు. పెద్ద స్టూడియోలో అయితే ముక్క ముక్కగా రికార్డు చేసి అతికించుకోవచ్చు. వేదిక మీద ఆ వీలు లేదు. కొందరు పక్కన ఒక తోడు మనిషిని పెట్టుకుంటారు. పాదం చివరి మాట ఆ మనిషి అందుకుంటే ఈ మనిషి ఊపిరి పీల్చుకోవచ్చు. మన బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. కథకుడికి రెండు పక్కలా వంతలు ఉంటారు. వాళ్ళు "తందాన తాన" అన్నప్పుడల్లా కథకుడికి గుక్క దొరుకుతుంది. చిన్న చిన్న హాళ్ళకు ఒంటరిగా వెళ్ళే అమ్మాయికి ఆ వంత ఎక్కడ దొరుకుతుంది? అందుకని నాలుగో దెబ్బ మీద కొంచెం ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలో ఆమె ఊపిరి పీలుస్తుంది. ఆ ఖాళీలోనే వినేవాడికి మాట లోపలికి దిగుతుంది. క్యారేజీ గిన్నె అంచు దాకా నింపొద్దు అన్నది ఇందుకే.

మళ్ళీ ఒకసారి చెప్తాను, గుర్తుంటుంది. ముందు కొలత. తర్వాత ఒక్కటే మాట, అదీ మొదట్లోనే. కంటికి కనపడే వస్తువుతో చెప్పాలి. మధ్యలో ఊపిరికి చోటు వదలాలి.

ఇంట్లో సాధన చెయ్యడానికి ఏమీ అక్కర్లేదు. ఒక పాత నోటుపుస్తకం. పదహారు గీతలు గియ్యండి. గీతకు ఒక వాక్యం. ఊపిరి తీసుకునే చోట చిన్న చుక్క పెట్టుకోండి. పైకి చదవండి. గుక్క చాలకపోతే వాక్యం పెద్దదైందని అర్థం. ఒక మాట తీసెయ్యండి. ఏ మాట తీసేసినా అర్థం చెడకపోతే, ఆ మాట అక్కడ ఉండక్కర్లేదన్నమాట. ఏ మాట తీయబోతే చెయ్యి ఆగిపోతుందో, ఆ మాట కోసమే మీరు లేచి నిలబడ్డారు.

నేను ఈ లెక్క మా అమ్మ దగ్గర కూర్చుని చేశాను. అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. చూపు తగ్గింది, రాయలేదు. నేను రాసుకుంటాను, నువ్వు చెప్పమ్మా అన్నాను. మంచం కోడు మీద నాలుగు వేళ్ళతో తట్టాను. అమ్మ కాసేపు వింది. తర్వాత తాతగారి జబ్బు దగ్గర మొదలుపెట్టబోయింది. ఆగింది. "ముందు చివరిది చెప్పాలంటావు, అంతేనా?" అంది. అంతే అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆమె కూర్చుని ఉంటే, పేరు కూడా తెలియని ఒకావిడ వచ్చి తన అన్నం క్యారేజీ విప్పి సగం పెట్టింది. ఇన్నేళ్ళూ చర్చిలో చెప్పాలని లేచింది ఈ మాట కోసం. లెక్కపెట్టాను. పదకొండు వాక్యాలు. పదహారు కూడా పట్టలేదు. "మిగతా అయిదూ ఏం చెయ్యమంటావు?" అని అడిగింది. ఖాళీగా ఉంచమ్మా అన్నాను.

వచ్చే ఆదివారం అమ్మ సాక్ష్యానికి లేస్తానంటోంది. మా మేనకోడలు పక్కన కూర్చుని తాళం వేస్తుందట.